కాక్‌పిట్‌కి కావాల్సింది ధైర్యం కాదు, చెక్‌లిస్ట్

ఇంటర్ చదివే అబ్బాయి "పైలట్ అవుతా" అంటే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "జీతం ఎంతుంటుందిరా?" అని. అదే మాట మీలాంటి అమ్మాయి అంటే? "అమ్మో, భయం వేయదూ?"

తేడా చూశారా? అతనితో మాట డబ్బు దగ్గర మొదలైంది. మీతో మాట భయం దగ్గర మొదలుపెట్టారు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఈరోజుతో మానేయండి. మీరేమీ పులి మీద స్వారీకి వెళ్లడం లేదు. ఉద్యోగానికి వెళ్తున్నారు. శిక్షణ, పరీక్షలు, డ్యూటీ గంటల లెక్క అన్నీ ఉన్న ఉద్యోగానికి.

విమానం నడపడమంటే సాహసమని సినిమాలు మన బుర్రలోకి ఎక్కించాయి. నిజానికి ఏవియేషన్‌లో సాహసానికి చోటే లేదు. పదివేల గంటలు నడిపిన కెప్టెన్ అయినా ఇంజిన్ స్టార్ట్ చేసేముందు చెక్‌లిస్ట్ పూర్తి చేయాల్సిందే. "నాకు తెలుసులే" అంటే కుదరదు. ఒకరు చదువుతారు, ఇంకొకరు చూసి జవాబిస్తారు. అందులో ఫ్యూయెల్ ఉంటుంది, ఫ్లాప్స్ ఉంటాయి, ట్రిమ్ ఉంటుంది. ధైర్యం అనే ఐటమ్ ఎక్కడా కనిపించదు.

ఎయిర్‌లైన్స్‌కి కావాల్సింది పద్ధతి తప్పని మనిషి. పద్ధతి అలవాటుతో వస్తుంది. అలవాటు ఎవరైనా చేసుకోవచ్చు. మీరు చేసుకోగలరు. ఇక పనిలోకి దిగుదాం.

ముందు వెళ్లినవాళ్లున్నారు

"ఆడవాళ్లు పైలట్లేంటి?" అనేవాళ్లకి ఒక లెక్క చెప్పండి. ప్రపంచం మొత్తం మీద పైలట్లలో మహిళలు 5 శాతం దగ్గర ఉన్నారు. మన దేశంలో సుమారు 15 శాతం. అమెరికా, బ్రిటన్ ఈ విషయంలో మన వెనకే. సంతోషించండి. ఆ వెంటనే లెక్కను తిప్పి చదవండి. నూటికి 85 సీట్లలో ఇంకా మగవాళ్లే ఉన్నారు.

ఇది కొత్తగా మొదలైన ముచ్చట కూడా కాదు. సరళా ఠక్రాల్ 1936లోనే చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపారు. అప్పటికి ఆమె వయసు 21. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్‌గా చెప్పుకునే ప్రేమ్ మాథుర్ 1949లో నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు. ఉద్యోగం కోసం తలుపు తట్టిన చాలా కంపెనీలు కాదన్నాయి. చివరికి అవకాశమిచ్చింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట మీదుగా వెళ్లినప్పుడల్లా ఆమెను గుర్తుచేసుకోండి.

2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ అందుకున్నారు. ఎక్కడ? దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో. హైదరాబాద్ పొలిమేరలోనే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 16,000 కిలోమీటర్లు ఎగిరిన ఎయిరిండియా బోయింగ్ 777లో పైలట్లు నలుగురూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో మన తెలుగు పేరు కూడా ఉంది: కెప్టెన్ పాపగారి తన్మయి.

వీళ్లందరిలో మీరు బాగా చదవాల్సిన ప్రయాణం ఆనీ దివ్యది. పఠాన్‌కోట్‌లో పుట్టారు, విజయవాడలో పెరిగారు. 17 ఏళ్లకి రాయ్‌బరేలీ దగ్గరున్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. ఇంట్లో డబ్బు పుష్కలంగా లేదు, అమ్మానాన్నలు అప్పు తెచ్చారు. క్లాసులో ఇంగ్లీష్ దగ్గర ఇబ్బంది పడ్డానని తర్వాత ఆవిడే చెప్పారు. అయినా 19 ఏళ్లకి ఎయిరిండియాలో ఉద్యోగం. 30 ఏళ్లకి బోయింగ్ 777 కమాండర్.

ఆవిడ భాష వచ్చాక బయల్దేరలేదు. బయల్దేరాక భాష నేర్చుకున్నారు. "ఇంగ్లీష్ బాగా వచ్చాక అప్లై చేస్తా" అంటున్న అమ్మాయిలు ఈ రెండు వాక్యాలు మళ్లీ చదవండి.

నోరు విప్పడం ప్రాక్టీస్ చేయండి

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇది. అందుకే ముందు చెబుతున్నా.

1977 మార్చి 27. స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే ద్వీపం. పొగమంచులో రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఒక విమానం టేకాఫ్‌కి పరుగు తీస్తోంది. రెండోది ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదు. మొదటి విమానంలోని ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది. "ఆ విమానం ఇంకా పక్కకి తప్పుకోలేదా?" అన్న అర్థంలో అడిగాడు. కెప్టెన్ బాగా సీనియర్. "తప్పుకుంది" అన్నట్టు గట్టిగా చెప్పేశాడు. ఇంజినీర్ మళ్లీ అడగలేదు.

అడిగినవాడు మగవాడే, అనుభవం ఉన్నవాడే. పెద్దాయన ముందు గొంతు తగ్గించాడు, అంతే.

అలాంటి ప్రమాదాల తర్వాతే ఏవియేషన్‌లో క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ వచ్చింది. సీఆర్‌ఎం అంటారు. జూనియర్ మాట్లాడాలి, సీనియర్ వినాలి అని నేర్పే శిక్షణ. మన ఇళ్లలో అమ్మాయికి చిన్నప్పటి నుంచి నేర్పేది "నెమ్మదిగా మాట్లాడు, పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు" అని కదా. కాక్‌పిట్‌లో ఆ పాఠం పనికిరాదు. కొత్త పాఠం నాలుగు మెట్లలో ఉంటుంది:

• అడగండి.
• ప్రమాదం చెప్పండి.
• గట్టిగా ఎదురు చెప్పండి.
• వినకపోతే మీరే చర్య తీసుకోండి.

దీన్ని ఇంట్లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. నాన్న కారు నడుపుతున్నారు, స్పీడ్ పెరిగింది. "నాన్నా, స్పీడ్ ఎంతుంది?" అది మొదటి మెట్టు. "నాన్నా, 110 దాటింది, ముందు లారీ ఉంది." రెండోది. "నాన్నా, తగ్గించండి." మూడోది. చివర్లో సారీ, ముందు "ఏమనుకోకండి" అక్కర్లేదు. గౌరవం "అండి"లో ఉంది, అది చాలు. నాలుగో మెట్టు మాత్రం కారులో వద్దు, స్టీరింగ్ లాక్కోకండి! అది శిక్షణ అయ్యాక, కో-పైలట్ సీట్లో.

వారానికి ఒక్కసారి అయినా, ఒక పెద్దమనిషి ముందు, మర్యాద తగ్గకుండా, స్పష్టంగా ఒక అభ్యంతరం చెప్పండి. క్లాసులో లెక్చరర్ బోర్డు మీద తప్పు రాశారా? చేయెత్తండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. వణకనివ్వండి. కొన్నాళ్లకి అదే సర్దుకుంటుంది.

విన్నది తిరిగి చెప్పండి

నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ "ఫలానా ఎత్తుకి దిగండి" అంటే పైలట్ "సరే" అని ఊరుకోడు. అదే మాట తిరిగి చెబుతాడు. కంట్రోలర్ విని సరిచూస్తాడు. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు.

ఇంట్లో మీ కెరీర్ గురించి ఎలాంటి మాటలు వస్తాయి? "చూద్దాంలే." "ముందు ఇంటర్ కానీ." ఇవి గాలిలో కలిసిపోయే మాటలు. మీరు రీడ్‌బ్యాక్ చేయండి. "అంటే నాన్నా, ఇంటర్ పరీక్షలు అయిన వారంలో మనం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. సరేనా?" ఆయన "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"ని తేదీతో సహా క్యాలెండర్ మీద రాయండి. గొడవ పడకుండా పని జరిగే పద్ధతి ఇది.

గో-అరౌండ్ సిగ్గు పడే పని కాదు

లాండింగ్‌కి వస్తున్న విమానం రన్‌వేకి సరిగ్గా లైన్‌లో లేదు. లేదా స్పీడ్ ఎక్కువుంది. మంచి పైలట్ ఏం చేస్తారు? ఎలాగోలా దించేయాలని చూడరు. పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేపుతారు. ఒక చుట్టు తిరిగి ఇంకోసారి వస్తారు. గో-అరౌండ్ చేసినందుకు పైలట్‌ని తప్పుపట్టకూడదని ఎయిర్‌లైన్స్ పాలసీయే పెట్టుకున్నాయి.

పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. అది పెట్టే పేపర్లలో పాస్ మార్కు 70 శాతం. మెటియరాలజీలో 66 వచ్చింది. ఏడుస్తారా? ఓ పూట ఏడవండి, అభ్యంతరం లేదు. మర్నాడు పుస్తకం తెరిచి ఎక్కడ మార్కులు పోయాయో చూడండి. తర్వాతి సెషన్‌కి ఫీజు కట్టండి. ఒక పేపర్ పోగానే "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకన్నాం కదా" అనే మేనత్త ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆవిడకి ఫలితాలు చెప్పాలన్న రూల్ ఎక్కడా లేదు.

ఇంకో చిన్న అలవాటు కూడా ఉంది. పదివేల అడుగుల కింద ఉన్నప్పుడు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఒక్కటీ ఉండదు. మీ చదువు గంటకీ ఇదే రూల్ పెట్టుకోండి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకోవడం లెక్కలోకి రాదు.

దారి ఇదీ

కలలు చాలు. కాగితం తీసుకోండి.

1. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఎంపీసీ అయితే నేరుగా సరిపోతుంది. వేరే గ్రూపు చదివేశారా? ఓపెన్ స్కూల్‌లో ఆ రెండు సబ్జెక్టులు రాసి వచ్చినవాళ్లు ఉన్నారు.

2. ఫీజు కట్టేముందు మెడికల్ చేయించుకోండి. ఈ వాక్యం కింద గీత గీయండి. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కళ్లు, చెవులు, ఈసీజీ, రక్త పరీక్షలు ఉంటాయి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. అద్దాలతో చూపు నిర్ణీత స్థాయికి వస్తే సివిల్ పైలట్ కావచ్చు. రంగులు గుర్తించే శక్తిని మాత్రం గట్టిగా పరీక్షిస్తారు. లక్షలు కట్టాక ఈ విషయం తెలిస్తే ఆ బాధ వేరు.

3. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు. వీటితో పాటు రేడియో మీద మాట్లాడడానికి ఆర్‌టీఆర్ పరీక్ష.

4. 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు మీరే పైలట్ ఇన్ కమాండ్. 18 ఏళ్లు నిండాక కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్.

5. తర్వాత ఎయిర్‌బస్ 320 లాంటి ఒక్కో రకం విమానానికి టైప్ రేటింగ్.

డబ్బు మాట సూటిగా మాట్లాడుకుందాం

సీపీఎల్ శిక్షణ ఖర్చు ఈ రోజుల్లో 50 లక్షల రూపాయలు దాటడం మామూలే. టైప్ రేటింగ్ దానిపై మరో పెద్ద ఖర్చు. లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే ఉద్యోగమని ఏ ఏజెంట్ చెప్పినా నమ్మకండి. కొంతకాలం ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ నెలల్లో ఈఎంఐ ఎవరు కడతారో ముందే రాసుకోండి.

పొలం అమ్మే ముందు ఫ్లయింగ్ స్కూల్‌కి స్వయంగా వెళ్లి ఇవి అడగండి:

• ఉన్న విమానాల్లో ఈ రోజు ఎగిరే స్థితిలో ఎన్ని ఉన్నాయి?
• ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది స్టూడెంట్లు?
• పోయిన బ్యాచ్‌కి 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది?
• మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు? రాతపూర్వకంగా ఇస్తారా?

మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి. డిస్కౌంట్ ఇస్తామన్నా కట్టకండి. వాయిదాల్లో కట్టండి. జవాబులు ఆఫీసులో కాదు, బయట టీ తాగుతున్న సీనియర్ స్టూడెంట్ల దగ్గర దొరుకుతాయి. వాళ్లని అడగండి.

డబ్బు లేదా? అయితే కల చిన్నది చేసుకోకండి, తలుపు మార్చండి. ఎయిర్‌ఫోర్స్‌లో ప్రభుత్వమే మీకు విమానం నడపడం నేర్పుతుంది. సుప్రీంకోర్టు జోక్యంతో 2021లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష అమ్మాయిలకి తెరుచుకుంది. 2022లో చేరిన తొలి బ్యాచ్ అమ్మాయిలు 2025 మేలో పాసవుట్ అయ్యారు. డిగ్రీ అయినవాళ్లకి ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి పెట్టే కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. సరదాగా ట్రై చేద్దామని వెళ్లకండి, సిద్ధపడి వెళ్లండి.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం గురించి మన కాలేజీల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఇంజినీరింగ్, లేదా ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయొచ్చు. సెలెక్టయితే జీతం తీసుకుంటూ శిక్షణ. ఆకాశంలో విమానాల మధ్య దూరం కాపాడేది వాళ్లే. మెషీన్లంటే ఇష్టమా? ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ కోర్సు చూడండి. శంషాబాద్‌లోనే విమానాల రిపేర్ కేంద్రాలున్నాయి. మీ సంతకం లేకుండా ఆ విమానం కదలదు.

క్యాబిన్ క్రూ గురించి ఒక మాట. "ఎయిర్ హోస్టెసా?" అని తేలిగ్గా నవ్వేవాళ్లకి చెప్పండి, సగం తలుపులే తెరుచుకున్నా విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేయించగలగాలనేది ప్రమాణం. ప్రయాణికుల్ని అలా బయటికి పంపేందుకు శిక్షణ పొందేది క్యాబిన్ క్రూ. గౌరవమైన పని. మీకు అదే ఇష్టమైతే హాయిగా వెళ్లండి. కానీ మీరు "పైలట్" అన్నప్పుడు ఎవరైనా "అదేలే, ఎయిర్ హోస్టెస్" అని మార్చేస్తే అక్కడికక్కడే సరిదిద్దండి.

మెడికల్‌లో నిజంగానే ఆగిపోయారా? శిరీష బండ్లను చూడండి. మన గుంటూరు జిల్లా మూలాలున్న అమ్మాయి. కంటిచూపు వల్ల పైలట్, వ్యోమగామి దారి మూసుకుపోయింది. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, స్పేస్ కంపెనీలో చేరి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైకి వెళ్లొచ్చారు.

అమ్మానాన్నలకి

ఈ పేజీ మీరూ చదవండి. మీ అమ్మాయిని "ధైర్యవంతురాలు" అని పొగడడం కాస్త తగ్గించండి. "ఈ వారం ఏం పూర్తి చేశావ్?" అని అడగండి. ఆ ప్రశ్న ఆమెకు ఎక్కువ ఉపయోగం.

"మరి పెళ్లి?" అంటారా. పైలట్ జీతం ర్యాంకును బట్టి, సీనియారిటీని బట్టి, నడిపిన గంటలను బట్టి వస్తుంది. ఆడా మగా లెక్క అందులో లేదు. అలాంటి కోడలు వద్దనే ఇంటికి మీ అమ్మాయిని పంపాలని మీకెందుకు? గర్భం వచ్చినప్పుడు మెడికల్ నియమాల ప్రకారం ఫ్లయింగ్ ఆపుతారు. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. తర్వాత మళ్లీ మెడికల్ పూర్తి చేసుకుని సీట్లోకి వస్తారు. ఎంతోమంది కెప్టెన్లు అలా వచ్చినవాళ్లే.

రేపటి నుంచి

ఇంగ్లీష్: పైలట్‌కి కావాల్సింది యాస కాదు, స్పష్టత. అంతర్జాతీయ స్కేల్‌లో లెవెల్ 4 చాలు. బస్సులో వెళ్తూ బండ్ల నంబర్ ప్లేట్లు రేడియో భాషలో చదవండి. ఏపీ 39 కనిపిస్తే "ఆల్ఫా పాపా ట్రీ నైనర్". పక్కనున్నావిడ వింతగా చూస్తారు. చూడనివ్వండి.

వాతావరణం: ఎయిర్‌పోర్టులు మెటార్ అనే చిన్న వాతావరణ రిపోర్ట్ ఇస్తుంటాయి. శంషాబాద్ కోడ్ వీఓహెచ్‌ఎస్. గన్నవరం కోడ్ వీఓబీజెడ్. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజూ ఒకటి చదివి గాలి ఎటు, చూపు ఎంత దూరం, ఉష్ణోగ్రత ఎంత అని నోట్‌బుక్‌లో రాయండి. మెటియరాలజీ పేపర్‌లో సగం భయం ఇక్కడే పోతుంది.

లాగ్‌బుక్: పైలట్ ప్రతి గంటా రాసుకుంటారు. మీరు ప్రతి చదువు గంటా రాయండి. చదవని రోజు సున్నా వేయండి. దాచొద్దు.

మెడికల్: డీజీసీఏ వెబ్‌సైట్‌లో క్లాస్ 2 డాక్టర్ల జాబితా తీయండి. మీకు దగ్గరలో ఉన్నవాళ్లని ఎంచుకోండి. ఫీజెంత, ఏ కాగితాలు తేవాలి, ఏ రోజు రావాలి అని అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోన్ మీరే చేయండి, అన్నయ్యతో చేయించకండి. వాళ్లు తేదీ, టైమ్ చెప్పగానే ఒకసారి రీడ్‌బ్యాక్ చేసి ఫోన్ పెట్టేయండి.